ఒంటరిగా చదివే విద్యార్థి కోసం: ఆన్‌లైన్ కోర్సుకు ఒక చట్రం

(ఆచార్య జి. రాంరెడ్డి స్మృతిలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల అధ్యాపకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



ఆచార్య రాంరెడ్డి గారి పేరు చెప్పగానే ముందుగా గుర్తుకొచ్చేవి ఆయన నిర్వహించిన పదవులు. 1929లో కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టారు. ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించారు, తర్వాత అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1982లో హైదరాబాదు కేంద్రంగా దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు. ఇవాళ మనం అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నది దాన్నే. 1985లో ఢిల్లీలో ఇగ్నోకు తొలి ఉపకులపతిగా వెళ్ళారు. ఆ తర్వాత యూజీసీకి అధ్యక్షులయ్యారు. 1995లో కన్నుమూశారు. ఈ జీవితాన్ని వివరించే ప్రసంగాలు చాలా వచ్చాయి. నేను ఈరోజు మాట్లాడదలచుకున్నది ఆయన తొలినాళ్ళ కృషితో మన చేతికొచ్చిన ఒక చిన్న వస్తువు గురించి. ఓపెన్ యూనివర్సిటీ పుస్తకంలో ఒక పాఠం ఎలా మొదలై, ఎక్కడ ఆగి, ఎలా ముగియాలో నిర్ణయించే చట్రం అది.

మీలో చాలామంది ఆ పుస్తకాలు చదివినవారే, కొందరు రాసినవారు కూడా. పాఠం తెరవగానే విషయక్రమం ఉంటుంది. ఈ పాఠం చదివాక మీరేం చేయగలుగుతారో లక్ష్యాలు చెబుతాయి. తర్వాత పరిచయం, అంకెలు వేసిన ఉపశీర్షికలు. మధ్యలో పాఠాన్ని ఆపి, మీ ప్రగతిని మీరే పరీక్షించుకోమని రెండు మూడు ప్రశ్నలు అడుగుతుంది. చివర సారాంశం, నమూనా ప్రశ్నలు. మొదటి పేజీల్లో రచయితల పేర్లు, సంపాదకుల పేర్లు. చూడటానికి చాలా మామూలుగా కనిపించే ఏర్పాటు. ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన మాత్రం గట్టిది. చదువుతున్నవాడి పక్కన మాస్టారు లేడు. నుదురు చిట్లిస్తే గమనించి, ఆగి మళ్ళీ చెప్పేవాడు లేడు. కాబట్టి మాస్టారు చేసే ప్రతి పనికీ పుస్తకంలోనే ఒక చోటు ఉండాలి. 1969లో ఏర్పడ్డ బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ పాఠాన్ని ఒక్కరి చేత కాకుండా ఒక బృందం చేత రాయించింది. స్వీడన్ విద్యావేత్త బోర్యే హోంబెర్గ్ దూరవిద్య పాఠం సంభాషణలా నడవాలన్నాడు. రాంరెడ్డి గారి తరం ఆ ఆలోచనలను తెలుగు మాధ్యమంలోకి, పల్లెటూరి విద్యార్థి దగ్గరికి తీసుకొచ్చింది. ఇంటర్ చదవనివాళ్ళు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి తెరిచింది.

ఇప్పుడు ఆ పుస్తకం ఫోన్‌లోకి వచ్చింది. పుస్తకం వెనుక ఉన్న ఆలోచన దానితోపాటు వచ్చిందా అన్నదే నా ప్రశ్న. చాలా చోట్ల రాలేదు. ఎందుకు రాలేదో, మన మూడు జిల్లాల కాలేజీలు ఈ విషయంలో ఏం చేయగలవో చెప్పడానికే నిలబడ్డాను.

ముందు నేను చూసింది చెబుతాను. ఆదివారం క్లాసులకు వచ్చే ఒక విద్యార్థిని తను చేరిన ఆన్‌లైన్ కోర్సును నా ఎదుట ఫోన్‌లో తెరిచింది. ఆ కోర్సు ఏ సంస్థదన్నది ఇక్కడ అనవసరం. మొదటి తెర నిండా లోగోలు, ప్రముఖుల సందేశాలు. వేలితో చాలాసేపు కిందికి జరిపాక మొదటి పాఠం కనిపించింది. దాంట్లో గంటకు దగ్గర దగ్గర నిడివి ఉన్న ఒకే ఒక్క వీడియో. దాని కింద ఒక పీడీఎఫ్. అది పాత డీటీపీ ఫైలు నుంచి తీసింది. అక్షరాలు పెద్దవి చేస్తే వాక్యం తెర దాటిపోతోంది, చిన్నవి చేస్తే కనబడటం లేదు. రెండో పాఠంలో వరస మారిపోయింది. అక్కడ పీడీఎఫ్ ముందు ఉంది, వీడియో లేదు, క్విజ్ ఉంది. మూడో పాఠంలో మరో తీరు. ఆ అమ్మాయి నన్ను అడిగింది: "సార్, ఇందులో పరీక్షకు ఏది చదవాలి?" ఆ ప్రశ్నకు జవాబు కోర్సు తెర మీదే ఉండాలి. అది లేదంటే ఆ కోర్సుకు చట్రం లేదనే అర్థం.

చట్రం అంటే టెంప్లేటే. ఆ మాట అనగానే చాలామంది అధ్యాపకులు ముఖం తిప్పుకుంటారు. పై నుంచి వచ్చే మరో ఫారం అనుకుంటారు. గడులు నింపి పంపడమే కదా అంటారు. ఆ అనుమానానికి కారణం ఉంది. మన దగ్గరికి వచ్చే టెంప్లేట్లు ఎక్కువగా తనిఖీ చేసేవారి సౌకర్యం కోసం తయారవుతాయి. విద్యార్థి సౌకర్యం కోసం తయారైనది వేరుగా ఉంటుంది. ఏ పాఠంలోనైనా ఒకే చోట ఒకే సంగతి దొరకడం దాని మొదటి గుణం. ఈ వారం ఏం చదవాలి, ఎంతసేపు పడుతుంది, ఏది తప్పనిసరి, ఎక్కడ అడగాలి, ఎప్పటిలోగా పంపాలి అన్న సంగతులు వెతకకుండా దొరికితే, ఆ వెతుకులాటకు పోయే శ్రమ పాఠం మీద పెట్టగలుగుతారు. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ చట్రమూ అంతే. అంచు మారదు, ఒడలు మాత్రం నేతగాడి ఇష్టం. పాఠం లోపలి కథనం, ఉదాహరణలు, గొంతు అధ్యాపకుడివి. వాటి జోలికి చట్రం పోకూడదు.

కేంద్రప్రభుత్వ స్వయం వేదిక 2017 జూలైలో మొదలైంది. దాని కోర్సులు నాలుగు పాదాల మీద నిలబడాలని నియమం పెట్టారు: వీడియో పాఠం, చదివే పాఠం, చర్చావేదిక, స్వీయ మూల్యాంకనం. ఇది మంచి పునాది. కానీ నాలుగూ ఉన్నాయా లేవా అని చూసుకుంటే సరిపోదు, ఏది ముందు, ఏది దేనికోసం అన్నది తేల్చాలి. మన విద్యార్థి విషయంలో ఆ తేల్చడం మనమే చేయాలి, ఎందుకంటే ఆ విద్యార్థి రోజు ఎలా గడుస్తుందో మనకే తెలుసు.

ఫోన్‌లోకి ఎంత బరువు దిగుతుందో లెక్క వేసి చూద్దాం. పదిహేను వందల పదాల తెలుగు పాఠం యూనికోడ్‌లో దాదాపు 40 కిలోబైట్లు. అదే పాఠం సారాన్ని పది నిమిషాల ఆడియోగా, మాటలకు చాలినంత నాణ్యతతో 64 కేబీపీఎస్‌లో రికార్డు చేస్తే ఐదు ఎంబీకి కాస్త తక్కువ. పది నిమిషాల వీడియో, అదీ 500 కేబీపీఎస్ దగ్గర మితంగా పెట్టుకున్నా, 37 ఎంబీ దాటుతుంది. అంటే చదివే పాఠానికి వీడియో దాదాపు వెయ్యి రెట్ల బరువు. అచ్చంపేట దాటి మన్ననూరు, అమ్రాబాద్ వైపు నల్లమలలోకి వెళ్ళే విద్యార్థికి ఈ తేడా అంటే పాఠం దిగడానికీ దిగకపోవడానికీ ఉన్న తేడా. అందుకే నా చట్రంలో చదివే పాఠమే ప్రధానం. ప్రతి పాఠానికీ ఆడియో రెండోది. వీడియో మూడోది, అదీ కంటితో చూడాల్సింది ఉన్నప్పుడే. తొలినాళ్ళ ఓపెన్ యూనివర్సిటీ ఆకాశవాణి మీద పాఠాలు వినిపించింది. పనిచేస్తూ వినగలిగే చదువు ఎంత ఉపయోగమో ఆనాడే వాళ్ళు గుర్తించారు. ఇప్పుడు వీడియో మోజులో మనం దాన్ని వదిలేయడం నాకు బాధగా ఉంది.

వీడియో ఎంత నిడివి ఉండాలన్న దానికీ ఒక ఆధారం ఉంది. 2014లో ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ అనే పరిశోధకులు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల వీడియోలను 69 లక్షల సార్లు చూసిన తీరును పరిశీలించారు. వీడియో ఎంత పొడవున్నా, మధ్యస్థ విద్యార్థి దృష్టి ఆరు నిమిషాలకు మించి నిలవలేదని తేలింది. గంట క్లాసును అలాగే కెమెరాతో పట్టి పెట్టేయడం ఎంత వృథానో దీన్నిబట్టి తెలుస్తుంది.

కంటితో చూడాల్సింది అన్నాను కదా, దానికొక ఉదాహరణ. నూలు ఒడలినీ పట్టు అంచునూ మగ్గం మీదే పెనవేసి కలిపే పనిని గద్వాలలో కుట్టు అంటారు. ఎన్ని పేజీలు రాసినా అది చదివి నేర్చుకునేది కాదు. దాన్ని వీడియో తీసేవాళ్ళు మామూలుగా నేతగాడి ఎదురుగా కెమెరా పెడతారు. అప్పుడు నేర్చుకునేవాడికి కుడి ఎడమ తారుమారవుతుంది. కెమెరా నేతగాడి భుజం మీదుగా చూడాలి. తెర మీద చేతులు నేర్చుకునేవాడి చేతుల్లాగే కనబడాలి. ముఖం, నేపథ్య సంగీతం అక్కర్లేదు. వృత్తి నైపుణ్యాల కోర్సు చట్రంలో "చేతుల వీడియో: భుజం మీదుగా, నాలుగు నిమిషాల లోపు" అన్న ఒక్క గడి ఉంటే చాలు, ఈ పొరపాటు మళ్ళీ మళ్ళీ జరగదు. అనుభవజ్ఞుడికి తెలిసిన చిన్న మెలకువ కొత్తగా పనిలో దిగినవాడికి అలా అందుతుంది.

ఇక రాంరెడ్డి గారి అభిమాన విషయాన్నే తీసుకుని ఒక పాఠాన్ని చట్రంలో కూర్చి చూద్దాం. ఆయన పంచాయతీరాజ్ వ్యవస్థను లోతుగా అధ్యయనం చేసిన పండితుడు. బీఏ రాజనీతిశాస్త్రంలో గ్రామసభ మీద ఒక పాఠం అనుకుందాం. మామూలుగా ఇది 1957 నాటి బల్వంతరాయ్ మెహతా కమిటీతో మొదలై, 73వ రాజ్యాంగ సవరణ మీదుగా నడిచి, 29 అంశాల పదకొండో షెడ్యూలు దగ్గర ముగుస్తుంది. లక్ష్యాల కింద "గ్రామసభ గురించి తెలుసుకుంటారు, దాని ప్రాముఖ్యాన్ని అర్థం చేసుకుంటారు" అని రాస్తారు. తెలుసుకున్నారో లేదో ఎవరు చూడగలరు? చట్రంలో లక్ష్యం గడి పక్కనే ఒక షరతు ఉండాలి: ఇక్కడ రాసే క్రియ బయటికి కనబడే పని అయి ఉండాలి. అప్పుడు అధ్యాపకుడు ఇలా రాస్తాడు: "ఈ పాఠం చదివాక మీరు మీ ఊరి గ్రామసభ నోటీసును చదివి, అందులో ఉండాల్సినవి ఉన్నాయో లేదో చెప్పగలుగుతారు. గ్రామసభకూ పంచాయతీ పాలకవర్గానికీ తేడా మీ ఊరి మనుషులను చూపించి వివరించగలుగుతారు."

లక్ష్యం ఇలా రాయగానే మిగతా పాఠం దానంతటదే సర్దుకుంటుంది. పరీక్ష ప్రశ్న ముందే తేలిపోతుంది, పాఠంలో అందుకు కావలసినదే ఉంటుంది. జాన్ బిగ్స్ అనే విద్యావేత్త 1996లో లక్ష్యం, బోధన, మూల్యాంకనం మూడూ ఒకే దారిలో ఉండాలని చెప్పింది దీని గురించే. అందుకే నేను ప్రతిపాదించే చట్రంలో నింపే వరస చదివే వరసకు భిన్నం. అధ్యాపకుడు ముందు లక్ష్యం రాయాలి, వెంటనే చివరికి వెళ్ళి పరీక్ష ప్రశ్న రాయాలి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టాలి. మొదట్లో ఇది ఎదురీతలా అనిపిస్తుంది. రెండు పాఠాలు రాశాక ఇంకోలా రాయబుద్ధి కాదు.

పరిచయం గడి. ఇక్కడ నియమం ఒక్కటే: విద్యార్థి ఎరిగిన చోటు నుంచి మొదలుపెట్టాలి. గ్రామసభ పాఠానికి మన దగ్గర మంచి ఆరంభమే ఉంది. 1959 అక్టోబరులో ప్రధాని నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించింది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లోనే. రాజస్థాన్‌లోని నాగౌర్ తర్వాత కొద్దిరోజులకే ఇది జరిగింది. పాలమూరు (మహబూబ్‌నగర్) విద్యార్థికి ఈ పాఠం ఢిల్లీ కమిటీతో కాకుండా షాద్‌నగర్‌తో మొదలైతే, ఇది తన చరిత్ర అన్న సంగతి మొదటి వాక్యంలోనే తెలుస్తుంది. మెహతా కమిటీ తర్వాత వస్తుంది, ఏమీ తొందర లేదు.

మధ్యలో ఆపి అడిగే ప్రశ్న దగ్గర కొంచెం నిలబడదాం. ఆన్‌లైన్ కోర్సుల్లో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. "గ్రామసభలో సభ్యులెవరు?" అని అడిగి మూడు జవాబులు ఇస్తారు. తప్పు నొక్కితే ఎర్రని గుర్తు పడుతుంది, అంతే. తరగతి గదిలో ఏ మాస్టారైనా అలా చేస్తాడా? "వార్డు సభ్యులు" అని పిల్లవాడు చెబితే, "నువ్వు చెప్పింది పంచాయతీ పాలకవర్గం నాయనా, వాళ్ళను ఎన్నుకునేవాళ్ళెవరో ఆలోచించు" అంటాడు. ఆ వాక్యం చట్రంలో ఉండాలి. ప్రతి తప్పు జవాబు పక్కనా ఒక గడి: విద్యార్థి ఇది ఎందుకు ఎంచుకుని ఉంటాడు, అతనికి ఏం చెప్పాలి? సరైన జవాబు పక్కన కూడా ఒక వాక్యం: ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, పద్దెనిమిదేళ్ళు నిండి పేరు నమోదైతే మీరు కూడా. ఈ గడులు నింపడానికి పాఠం రాసినంత సమయం పడుతుంది. పడనివ్వండి. ఒంటరిగా చదివే విద్యార్థికి మాస్టారు దొరికే చోటు ఇదొక్కటే.

తర్వాత పని. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. పంచాయతీ కార్యాలయానికి వెళ్ళి, గడిచిన సమావేశం ఎప్పుడు జరిగిందో, ఏ విషయాలు చర్చకు వచ్చాయో అడిగి తెలుసుకుని ఒక పేజీ రాయండి, లేదా మీ గొంతుతో రెండు నిమిషాలు రికార్డు చేసి పంపండి. ఇలాంటి పనిని ఎవరి దగ్గరా నకలు చేయలేరు. ఒక ఊరి జవాబు ఇంకో ఊరికి పనికిరాదు.

ఇక తెలుగు సంగతి. ఇక్కడ నేను కాస్త కోపంగానే మాట్లాడతాను. మనకు అందే టెంప్లేట్లు ఇంగ్లిషు కోసం తయారై, తర్వాత తెలుగు నింపినవి. ఇంగ్లిషు వరసల మధ్య ఎడం తెలుగుకు చాలదు. "రాష్ట్రం" అని రాసి చూడండి. ష కింద ట, దాని కింద ర. పై వరసలోని వత్తులు కింది వరసలోని గుడులకు తగులుకుంటాయి, బొత్తాల మీద అయితే సగానికి తెగిపోతాయి. చట్రం గీసేటప్పుడే వరసల ఎడం పెంచి, ఇలాంటి పదాలు వేసి పరీక్షించాలి. అంతకంటే పెద్ద చిక్కు పాత డీటీపీ ఫాంట్లు. అను వంటి వాటిలో టైపు చేసిన పాఠం అచ్చులో అందంగానే ఉంటుంది. కానీ కంప్యూటర్ లోపల అది తెలుగు కాదు, వేరే గుర్తుల వరస. ఫోన్‌లో వెతికితే దొరకదు, నకలు తీసి పెడితే పిచ్చిగీతలు వస్తాయి. చూపులేని విద్యార్థి ఫోన్ చదివి వినిపించే సౌకర్యం వాడితే అర్థంలేని శబ్దాలు వినబడతాయి. కాబట్టి యూనికోడ్ తప్ప మరొకటి చట్రంలోకి రానీయకూడదు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, సురన్న వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇక సాకు చెప్పే వీల్లేదు.

ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ఇంకో ఇబ్బంది ఉంది, అది సరిగ్గా మన ఊళ్ళ పేర్లలోనే కనబడుతుంది. జవాబు నాగర్‌కర్నూలు అనుకోండి. ఒకరు నాగర్‌కర్నూల్ అని రాస్తారు, ఒకరు రెండు ముక్కలుగా నాగర్ కర్నూలు అని రాస్తారు. ర్ తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు పెట్టకుండా టైపు చేస్తే క వత్తుగా మారి నాగర్కర్నూల్ అవుతుంది. అసలు రూపం రాసినవాడితో కలిపి నలుగురూ రాసింది ఒప్పే. యంత్రం ముగ్గురికి సున్నా వేస్తుంది. గద్వాల, గద్వాల్ విషయంలోనూ అంతే. మార్కులు పోయిన పిల్లవాడు తనకు చదువు రాలేదనుకుంటాడే కానీ యంత్రానికి తెలుగు రాదని అనుకోడు. ఆస్ట్రేలియాలో మార్టిన్ డౌగియమస్ మొదలుపెట్టిన మూడుల్ అనే కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ 2002 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. అందులో ఒక ప్రశ్నకు సరైన రూపాలు ఎన్నైనా ఇవ్వవచ్చు. ఆ వీలును వాడుకోమని గుర్తుచేసే గడి చట్రంలో ఉండాలి: "ఈ జవాబును ఇంకా ఎన్ని రకాలుగా రాస్తారు?"

సమయం లెక్క కూడా చట్రంలో భాగమే. ఇగ్నో పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. నాలుగు క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు. పదహారు వారాలకు పంచితే వారానికి ఏడున్నర గంటలు, అంటే రోజుకు గంటకు కాస్త ఎక్కువ. కాగితం మీద ఇది సాధ్యమే. గద్వాల వైపు నడిగడ్డలో సీడ్ పత్తి క్రాసింగ్ పనులు నడిచే రోజుల్లో మాత్రం కాదు. సాయంత్రం మొగ్గల పని, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దే పని. ఆ వారాల్లో విద్యార్థి చేలోనే ఉంటాడు, చాలా ఇళ్ళల్లో విద్యార్థిని కూడా. వలస వెళ్ళిన కుటుంబాల సంగతి సరేసరి. కాబట్టి గడువులను హైదరాబాదు క్యాలెండర్ చూసి కాకుండా ఇక్కడి పంటల వరస చూసి పెట్టాలి. ఇంకొక ఏర్పాటు కూడా చేయాలి. ప్రతి పాఠం మొదట్లో "ఇంతదాకా" అని మూడు వాక్యాలు. నెల రోజులు విడిచిపెట్టి తిరిగి వచ్చినవాళ్ళు ఆ మూడు వాక్యాలు చదువుకుని పాఠంలోకి దిగగలగాలి. చదువు మానేసినవాళ్ళని మనం లెక్క రాసేవాళ్ళలో చాలామంది తిరిగొచ్చే దారి దొరకనివాళ్ళే.

2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో బడి పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ళ మీద డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఆ కరోనా కష్టకాలంలో అది అవసరమైన పని, ఎంతో శ్రమపడి చేశారు. అయితే పాఠం చేరడం వేరు, పిల్లవాడి ప్రశ్న తిరిగి మాస్టారిని చేరడం వేరు అని ఆ రోజుల్లో అందరికీ అనుభవంలోకి వచ్చింది. అందుకే "ఎవరిని అడగాలి" అన్న గడిని నేను పాఠం చివర్లో కాక మొదటి తెర మీదే పెట్టమంటాను. అక్కడ ఒక మనిషి పేరు ఉండాలి, ఏ రోజు ఏ వేళకు జవాబిస్తారో ఉండాలి. ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఇదంతా ఎవరు చేస్తారు? మన జిల్లాల్లో తెలుగులో కోర్సు రాయగలవారు ఎక్కడున్నారని నన్ను అడిగినవారున్నారు. ఇలాంటి మాటే తొంభై ఏళ్ళ కిందట ఒకరు అన్నారు, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని. ఇప్పటి గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ మాటకు వ్యాసంతో జవాబివ్వలేదు. ఊరూరి నుంచి కవిత్వం తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చువేశారు. తర్వాత 1952లో ఆయన్ను వనపర్తి శాసనసభకు పంపింది. మనం చేయాల్సిన పని కూడా ఆ తరహాదే. రాయగలవారు ఉన్నారు. గద్వాల మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలేజీలో, రాజప్రాసాదంలో 1959లో మొదలైన వనపర్తి పాలిటెక్నిక్‌లో, నాగర్‌కర్నూలు డిగ్రీ కాలేజీలో ఉన్నారు. పాలెం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో నేల గురించి, వేరుశనగ గురించి తెలుగులో రైతుకు అర్థమయ్యేలా చెప్పగలవారు ఉన్నారు. విడివిడిగా ఉన్నారు, అంతే. ఒకే చట్రం ఉంటే ఒకరు రాసిన పాఠం పక్క కాలేజీలో అలాగే పనికొస్తుంది. ఒకరు రాస్తే మరొకరు దిద్దవచ్చు. వనపర్తి రాజా రామేశ్వరరావు గారు ఓరియంట్ లాంగ్మన్ ప్రచురణ సంస్థను నడిపారు. పుస్తకాలు వేసే ఏ మంచి సంస్థకైనా సొంత రచనా నియమావళి ఉంటుంది. దాని వల్లే వందమంది రచయితల పుస్తకాలు ఒక చెయ్యి తగిలినట్టు ఉంటాయి. మన చట్రం ఆ పని చేయాలి. దాన్ని ఏ సంస్థా తాళం వేసి పెట్టుకోకూడదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఎవరైనా తీసుకుని మార్చుకునేలా ఉంచాలి.

ఒక్క హెచ్చరిక. చట్రం రెండు పేజీలు దాటితే దాన్ని ఎవరూ వాడరు. నేను ఇప్పటిదాకా చెప్పినవన్నీ రెండు పేజీల్లో పడతాయి, పట్టించాలి. ఏడాదికి ఒకసారి విద్యార్థుల ఎదుట పెట్టి, ఏ గడి పనికి రాలేదో అడిగి తీసేయాలి.

అధ్యాపక మిత్రులకు నా విన్నపం. ఈ వేసవి సెలవుల్లో మీ మీ సబ్జెక్టులో ఒక్క పాఠం తీసుకోండి. ముందు లక్ష్యం, వెంటనే పరీక్ష ప్రశ్న, ఆ తర్వాత పాఠం రాయండి. యూనికోడ్‌లో టైపు చేయండి. ప్రతి తప్పు జవాబుకూ ఒక వాక్యం రాయండి. మీ గొంతుతో పది నిమిషాల ఆడియో చేయండి. అయ్యాక మీ విద్యార్థుల్లో ఒకరిని పిలిచి వాళ్ళ ఫోన్‌లోనే తెరవమనండి. మీరేమీ చెప్పకుండా పక్కన కూర్చుని చూడండి. వాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ దిద్దండి. జూన్‌లో కాలేజీలు తెరిచేనాటికి మూడు జిల్లాల నుంచి అలాంటి పాఠాలు కొన్ని వచ్చినా, వాటిని దగ్గర పెట్టుకుని అందరికీ సరిపోయే చట్రాన్ని మనమే కూర్చుని ఖరారు చేద్దాం.